నలభై దాటాక యోగా క్లాసులో చేరాలంటే: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు వాళ్లకు మొదటి మూడు నెలలు

క్లాసులో పేరు ఇచ్చే ముందు ఇంట్లో ఓ సాయంత్రం కూర్చుని నాలుగు కొలతలు తీసి ఎక్కడైనా రాసిపెట్టుకోండి. యోగా మీకు పనికొచ్చిందా లేదా అన్నది మూడు నెలల తరవాత అవే చెబుతాయి. మార్పు రోజుకింత చొప్పున వస్తుంది కాబట్టి మనకే ఆనదు. అద్దంలో తేడా కనబడదు, బరువు పెద్దగా తగ్గదు. రెండో నెలకి విసుగొచ్చి మానేసేవాళ్లలో సగంమంది లాభం లేక మానరు, లాభం కనబడక మానతారు.

మొదటి కొలత: చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు నిటారుగా లేచి మళ్లీ కూర్చోగలరో లెక్కపెట్టండి. రెండోది: గోడ పక్కన నిలబడి ఒంటికాలి మీద ఎన్ని సెకన్లు ఆగగలరు, కుడికాలు ఎడమకాలు విడివిడిగా. మూడోది: నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని లేవండి. లేచేటప్పుడు చెయ్యి ఆనించారా, మోకాలు ఆనించారా, మంచం కోడు పట్టుకున్నారా, ఎన్ని ఆసరాలు కావాల్సొచ్చాయో రాయండి. నాలుగోది: వరసగా మూడు రోజులు పొద్దున్నే, టీకి ముందు, ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాక చూసిన బీపీ. రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోందో కూడా ఓ మాట రాసుకుంటే మంచిది. చాలామందికి ముందు తేడా తెలిసేది నిద్రలోనే.

డాక్టరుతో ఓ మాట

ఏ రోగమూ లేదనుకుంటే నేరుగా చేరిపోవచ్చు. కిందివాటిలో ఏదైనా ఉంటే ముందు డాక్టరును అడగండి, తరవాత క్లాసులో గురువుగారికీ చెప్పండి. ఇద్దరిలో ఒక్కరికే చెబితే పని జరగదు.

బీపీ అదుపులో లేనివాళ్లు, గ్లకోమా ఉన్నవాళ్లు తల గుండె కంటే కిందికి వెళ్లే ఆసనాలు వెయ్యకూడదు. తల వాలిస్తే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. ఎముకలు గుల్లబారినవాళ్లు నడుము గుండ్రంగా చేసి ముందుకు వంగకూడదు, వెన్నుపూస నలిగే ప్రమాదం ఉంది. మెడ ఎముకల అరుగుదల ఉంటే సర్వాంగాసనం (భుజాల మీద ఆని కాళ్లు నిటారుగా పైకెత్తేది), హలాసనం (ఆ కాళ్లను తల వెనక్కి వాల్చేది) జోలికి పోవద్దు. హెర్నియా, ఈమధ్య పొట్టకు ఆపరేషన్, గర్భం ఉంటే పొట్టమీద ఒత్తిడి పడేవన్నీ పక్కనపెట్టాలి. రాయగడ, కోరాపుట్ వైపు సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగే పుట్టుజబ్బు) ఉన్న కుటుంబాలున్నాయి. వాళ్లకు ఆయాసం వచ్చేదాకా చెయ్యడం, చెమటపట్టి నీళ్లు తాగకుండా ఉండడం రెండూ చెరుపే.

షుగరువాళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ‘యోగా పరగడుపునే’ అన్న మాట పట్టుకుని ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు మింగేవాళ్లు ఖాళీ కడుపుతో వచ్చేస్తారు. అరగంట కాగానే చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరుగుతాయి. పక్కవాళ్లు అది యోగా మహిమ అనుకుంటారు, నిజానికి షుగరు పడిపోయింది. క్లాసుకు బయల్దేరే ముందు వేలిమీద చుక్క తీసి చూసుకోండి. 90 కంటే తక్కువ ఉంటే ఓ చిన్న అరటిపండు తిని వెళ్లండి. సంచిలో పంచదార పొట్లం ఉండాలి. 70 కంటే దిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి. ఆ రోజుకి క్లాసు చాలు.

బీపీ 180/110 దాటి ఉన్న పొద్దున క్లాసుకు కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇంకోమాట: మందులు మానిపిస్తాం అని చెప్పే క్లాసులో చేరకండి. నడుంనొప్పికి, ఒళ్లు తూలకుండా నిలవడానికి, మనసు కుదురుకోవడానికి యోగా ఉపకరిస్తుంది. బీపీ కొంతమందికి కొద్దిగా దిగుతుంది. ఇవన్నీ మందులకు తోడు, మందుల బదులు కాదు. మాత్ర తగ్గించాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయం.

ఏ క్లాసు

బరంపురంలో, ఛత్రపురంలో, పర్లాకిమిడిలో క్లాసులు మూడు రకాలుగా ఉంటాయి. పార్కుల్లో పొద్దుటి గుంపులు, కల్యాణమండపమో బడి హాలో అద్దెకు తీసుకుని నడిపేవి, ఇంటి మేడమీద పదిమందితో నడిచేవి. కొన్ని ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లో ఉచితంగా కూడా నేర్పిస్తారు. మీకు దగ్గరున్న చోట ఏ రోజుల్లో ఉందో మీ వీధి ఆశా దీదీకి తెలుస్తుంది.

కొత్తగా చేరేవాళ్లకు మా ఓటు చిన్న క్లాసుకే. యాభైమంది ఉన్న పార్కు గుంపులో ఉత్సాహం ఎక్కువ, దిద్దేవాళ్లు తక్కువ. మొదటి రెండు నెలలు పది పదిహేనుమంది మించని చోట నేర్చుకుని, తరవాత పార్కుకు మారినా ఫరవాలేదు. అప్పుడు రుసుమూ మిగులుతుంది.

డబ్బు కట్టేముందు ఒక రోజు ఊరికే కూర్చుని చూస్తామని అడగండి. చూడాల్సింది ముందు వరసలో విల్లులా వంగే కుర్రాణ్ని కాదు, చివరి వరసలో వంగలేకపోతున్న పెద్దావిడను. గురువు ఆవిడ దగ్గరికి వెళ్తున్నాడా? ఆవిడకు కుర్చీయో గోడో చూపించి వేరే పద్ధతి చెబుతున్నాడా? లేక వీపుమీద చెయ్యి వేసి ఇంకా కిందికి నొక్కుతున్నాడా? నొక్కే క్లాసు వద్దు. తొడ వెనక కండ పట్టేసేదీ, నడుము పట్టేసేదీ ఎక్కువగా ఆ నొక్కుడుతోనే. చేరేవాళ్లను ఆరోగ్యం గురించి ఏమీ అడగకుండా తీసుకునే చోటు కూడా అనుమానమే. ఆయుష్ మంత్రిత్వశాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు ఉంది. దాని పత్రం ఉందా అని అడగడం తప్పేమీ కాదు. పత్రం ఉన్నంతమాత్రాన మంచి గురువని కాదు, కానీ ఎవరికి ఏది కూడదో చదివాడని అర్థం.

ఆడవాళ్లకు వేరే బ్యాచి ఉందా, ఎన్నింటికో కనుక్కోండి. పొద్దుట బాక్సులు కట్టాల్సిన ఇళ్లలో ఐదున్నర బ్యాచి మూడో వారానికే ఆగిపోతుంది. అలాంటివాళ్లు సాయంత్రం నాలుగింటి బ్యాచి వెతుక్కోవడం మేలు. వారానికి మూడు రోజులు నిలకడగా వెళ్తే చాలు. ఆరు రోజులు అనుకుని రెండు రోజులు వెళ్లేకంటే అదే నయం.

చాప, బట్టలు, తిండి

6 మిల్లీమీటర్ల మందం, 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు చాప కొత్తవాళ్లకు సరిపోతుంది. 10 మిల్లీమీటర్ల మెత్తటిది మోకాళ్లకు హాయిగానే ఉంటుంది కానీ ఒంటికాలి మీద నిలబడితే అరికాలు దిగబడి ఊగుతుంది. నున్నటి టైల్సు మీద తేలిక చాప జారుతుంది. త్రికోణాసనంలో కాళ్లు ఎడంగా పెట్టినప్పుడు ఇది ప్రమాదం, అందుకని కొనేచోటే నేలమీద పరిచి కాలితో తోసి చూడండి. సముద్రపు గాలికి బరంపురం, గోపాలపురం వైపు చెమట ఆరదు. చాపమీద ఓ నూలు తువ్వాలు వేసుకోవాలి. వానాకాలంలో చుట్టచుట్టి మూలన పడేస్తే బూజు పడుతుంది. తడిగుడ్డతో తుడిచి నీడన వేలాడదియ్యండి.

చాపతోపాటు సంచిలో ఉండాల్సినవి రెండు: మందపాటి దుప్పటి ఒకటి, పాత తువ్వాలు ఒకటి. కింద చెప్పబోయే సగం ఇబ్బందులకు మందు ఈ రెండే.

చీరలో కాళ్లు ఎడంగా పెట్టడం, పడుకుని కాళ్లెత్తడం కష్టం. వదులు చుడీదారు మంచిది, చున్నీ తీసి పక్కన పెట్టాలి. మగవాళ్లు లుంగీ కాకుండా పైజమా వేసుకోండి.

నిండు భోజనం చేస్తే మూడు గంటలు, ఇడ్లీలాంటి తేలికపాటి టిఫిను అయితే గంటన్నర ఆగాలి. పొద్దుట చిన్న గ్లాసు టీకి అభ్యంతరం లేదు. లేవగానే ఓ గ్లాసు మంచినీళ్లు తప్పనిసరి. క్లాసు అయ్యాక అరగంట ఆగి తినండి. గేటు బయట వడ, ఘుగుని బండి ఎదురుచూస్తూ ఉంటుందని తెలుసు, వారానికి ఒక్కరోజు సరే.

మొదటి వారం

క్లాసు ఎక్కువగా ఒడియాలో నడుస్తుంది. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి కోడలిగా వచ్చినవాళ్లూ, బదిలీ మీద వచ్చినవాళ్లూ ఈ నాలుగు ముక్కలు చెవిన వేసుకుంటే చాలు. కళ్లు మూసుకుని ఉన్నప్పుడు పక్కవాళ్లను చూసి చెయ్యలేం కదా. ‘శ్వాస నియంతు’ అంటే గాలి పీల్చండి, ‘శ్వాస ఛాడంతు’ అంటే వదలండి. డాహాణ కుడి, బామ ఎడమ. బసంతు కూర్చోండి, ఉఠంతు లేవండి, శుఅంతు పడుకోండి. బేక మెడ, అంటా నడుము, ఆంఠు మోకాలు, గోడ అంటే కాలు.

చాలా క్లాసులు కేంద్రం జూన్ 21 యోగా దినం కోసం తయారుచేసిన 45 నిమిషాల వరసనే కొద్ది మార్పులతో నడిపిస్తాయి. మెడ, భుజాలు, నడుము, మోకాళ్లు వదులు చేసుకోవడంతో మొదలు. తరవాత నిలబడి చేసేవి, కూర్చుని చేసేవి, బోర్లా, వెల్లకిలా, ఆపైన ప్రాణాయామం, చివర్న కాసేపు ధ్యానం. ఈ వరసలో వదులు చేసుకునే భాగాన్ని ఎగ్గొట్టి ఆలస్యంగా రావద్దు. కోరాపుట్, జయపురం వైపు చలికాలపు పొద్దుల్లో అయితే దానికి ఇంకో పది నిమిషాలు కలపాలి. చలికి బిగుసుకున్న కండ తొందరగా పట్టేస్తుంది.

మొదటి వారం సూత్రం ఒకటే: ప్రతి ఆసనంలో మీరు వెళ్లగలిగినదాంట్లో మూడొంతులకే ఆగండి. అక్కడ ముక్కుతో గాలి నిదానంగా ఆడుతుంటే సరైన చోటే ఉన్నారు. ఊపిరి బిగబట్టారన్నా, పళ్లు కొరుకుతున్నారన్నా ఎక్కువ వెళ్లారన్నమాట, వెనక్కి రండి. ‘స్థిర సుఖమాసనమ్’ అని పతంజలి చెప్పిన మూడు మాటల్లో సుఖం అన్నది కూడా ఉంది, క్లాసుల్లో దాన్నే ముందు మరిచిపోతారు. సాగుతున్న లాగుడు కండ మధ్యలో తెలిస్తే మంచిదే. కీలు దగ్గర పోటు, కాల్లోకి పాకే జివ్వుమన్న నొప్పి వస్తే వెంటనే ఆపాలి.

కొత్తవాళ్లు తప్పులు చేసే ఆసనాలు

వజ్రాసనం. చూడ్డానికి ఊరికే కూర్చోవడమే, కానీ కుర్చీలకు అలవాటుపడ్డ కాళ్లకు అన్నింటికన్నా కష్టం ఇదే. మోకాళ్ల మీద నిలబడి, కాలి బొటనవేళ్లు ఒకదానికొకటి తగిలించి, మడమలు విడదీసి, వాటి మధ్య పిరుదులు దించాలి. మొదట్లో అలా దించకండి. దుప్పటిని నాలుగు మడతలు వేసి పిక్కలకూ పిరుదులకూ మధ్య పెట్టుకోండి. చీలమండల ముందువైపు నొప్పి అయితే తువ్వాలు చుట్టి వాటి కింద దూర్చండి. అప్పుడు మోకాలి మీద వంపు తగ్గుతుంది, బరువు దుప్పటి మీద పడుతుంది. మొదటి వారం 30 సెకన్లు, నెల తిరిగేసరికి రెండు మూడు నిమిషాలు.

పాదం తిమ్మిరెక్కితే ‘అలవాటవుతుంది’ అని ఓర్చుకోవద్దు. మోకాలి కింద బయటివైపు ఎముకను చుట్టుకుని ఓ నరం పైపైనే పోతుంది. అది నలిగితేనే తిమ్మిరి. అదేపనిగా గంటల తరబడి వజ్రాసనంలో కూర్చుని పాదం పైకెత్తలేని స్థితికి వచ్చినవాళ్ల గురించి వైద్యులు రాశారు. లేచేటప్పుడు ఒక పక్కకు ఒరిగి, చెయ్యి ఆనించి, ఒక్కో కాలూ ముందుకు చాపాలి. తిమ్మిరి కాలితో గబుక్కున లేస్తే పడిపోతారు. మోకాలి చిప్ప అరిగినవాళ్లు దీన్ని పూర్తిగా వదిలేసి కుర్చీలో నిటారుగా కూర్చోవచ్చు, నష్టమేమీ లేదు.

భుజంగాసనం. బోర్లా పడుకుని, నుదురు నేలకు ఆనించి, అరచేతులు భుజాల కింద, మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా. గాలి పీలుస్తూ తల, ఛాతీ ఎత్తాలి. బొడ్డు నేల వదలకూడదు. అందరూ చేసే పొరపాటు చేతులతో తోసేసి పైకి లేవడం. అలా చేస్తే చూడ్డానికి పాము పడగలానే ఉంటుంది, వీపు మాత్రం పనిచెయ్యదు, నడుము కింది భాగం ఒక్కచోటే విరిగినట్టు వంగుతుంది. పరీక్ష ఇది: పైకి లేచాక అరచేతులు ఓ అంగుళం గాల్లోకి ఎత్తండి. ఛాతీ అక్కడే నిలబడితే వీపు మోస్తోంది, దబ్బున కిందపడితే చేతులు మోస్తున్నాయి. నిలబడేంత ఎత్తే మీ ఎత్తు. అది నాలుగంగుళాలే అయినా అంతే. తల వెనక్కి విసరకుండా చూపు ముందు నేలమీద ఉంచండి. మూడు ఊపిరులు ఆగి దిగండి, అలా మూడుసార్లు.

సేతుబంధం. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పాదాలు తుంటి వెడల్పున పెట్టి, మడమలు నొక్కుతూ నడుము ఎత్తడం. ఇందులో తొడ వెనక పట్టేసి కేక వెయ్యనివాళ్లు తక్కువ. పాదాలు దూరంగా ఉంటే భారమంతా తొడ వెనక కండ మీద పడుతుంది. మడమలు పిరుదులకు జానెడు దూరానికి తెచ్చి, ముందు పిరుదులు బిగించి అప్పుడు ఎత్తండి. పట్టేస్తే దిగి, కాలు చాపి, పాదం వేళ్లను మీవైపు లాగండి. నడుము పైన ఉండగా పక్కవాళ్లు పిలిచినా తల తిప్పొద్దు. మెడ మీద అంత బరువున్నప్పుడు తిప్పడం ప్రమాదం.

త్రికోణాసనంలో చెయ్యి నేలకు తగలాల్సిన పని లేదు, పిక్క మీదో కుర్చీ మీదో పెట్టి ఛాతీ పక్కకు తిప్పితే చాలు. పాదహస్తాసనంలో (నిలబడి ముందుకు వంగి చేతులు పాదాల దగ్గరికి తెచ్చేది) మోకాళ్లు కొద్దిగా మడవండి. నడుంనొప్పి ఉన్నవాళ్లు దాని బదులు రెండు చేతులూ గోడకు ఆనించి, వీపు చదునుగా, బల్లలా సగం వంగితే సరి. సూర్యనమస్కారాలు మూడో వారం దాకా ఆపి, తరవాత రెండుతో మొదలుపెట్టండి. పన్నెండు చెయ్యాలన్న పంతం వల్ల వచ్చేవి మణికట్టు నొప్పులే.

శవాసనం మధ్యలో చాప చుట్టేసి ఆఫీసుకు పరిగెత్తేవాళ్లు ప్రతి క్లాసులో ఉంటారు. ఐదు నిమిషాలు పూర్తిగా ఉండండి, నడుము ఆనకపోతే మోకాళ్ల కింద దుప్పటి పెట్టుకోండి. లేచేటప్పుడు పక్కకు తిరిగి, చేతులతో నేలను నొక్కి, కాసేపు కూర్చుని, అప్పుడు నిలబడాలి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు వెల్లకిలా నుంచి ఒక్క ఊపున లేస్తే కళ్లు బైర్లు కమ్ముతాయి.

ఊపిరి సంగతి

నాడీశోధనతో మొదలుపెట్టండి. కుడి బొటనవేలితో కుడి ముక్కు మూసి ఎడమవైపు పీల్చాలి. ఉంగరపు వేలితో ఎడమ మూసి కుడివైపు వదలాలి. మళ్లీ కుడివైపే పీల్చి ఎడమవైపు వదిలితే ఒక చుట్టు. నాలుగు అంకెలు పీల్చడం, ఆరు అంకెలు వదలడం. ఊపిరి బిగబట్టడం మొదటి మూడు నెలలూ వద్దు. ఐదు చుట్లు చాలు. జలుబుతో ఒక ముక్కు దిబ్బడేస్తే బలవంతంగా లాగకుండా ఆ రోజుకి భ్రామరి (తుమ్మెదలా ఝుమ్మంటూ గాలి వదలడం) చేసుకోండి.

కపాలభాతి విషయంలో మా అభిప్రాయం గట్టిది. చేరిన రోజే వందసార్లు కొట్టించే క్లాసులున్నాయి, అది తప్పు. బీపీ, గుండెజబ్బు, హెర్నియా, కడుపులో పుండు, మూర్ఛ, కళ్లు తిరిగే జబ్బు ఉన్నవాళ్లకూ, గర్భిణులకూ, బహిష్టు రోజుల్లోనూ అది కూడదు. మిగతావాళ్లు రెండో నెలలో 20తో మొదలుపెట్టొచ్చు. పొట్ట లోపలికి కొట్టి గాలి వదలడమే మన పని, పీల్చుకోవడం దానంతటదే జరగాలి. భుజాలు ఎగురుతున్నాయంటే పద్ధతి తప్పింది.

ఎండలు, వానలు, జాతర్లు

మే, జూన్ నెలల్లో మనవైపు ఐదు దాటగానే తెల్లారిపోతుంది, ఏడింటికే ఉక్క. ఐదున్నర బ్యాచి దొరక్కపోతే ఆ రెండు నెలలూ నిలబడి చేసేవి సగానికి తగ్గించి, పడుకుని చేసేవీ ప్రాణాయామం పెంచుకోండి. ముసుర్లలో, అక్టోబరు తుపాన్లప్పుడు క్లాసులు మూతపడతాయి. ఠాకురాణి యాత్ర వచ్చిన ఏడాది బరంపురంలో వారాల తరబడి రాత్రి నిద్రలుండవు. నిద్ర లేని పొద్దుట తూకం నిలపాల్సిన ఆసనాలు వద్దు. ఇలాంటి రోజులకోసం ఇంట్లో చేసుకునే పావుగంట వరస ఒకటి గురువుగారి చేత రాయించుకుని పెట్టుకోండి. రెండు వారాలకు మించి విరామం వస్తే ఆపినచోట మొదలుపెట్టకండి, మూడో వారంలో ఎంత చేసేవారో అక్కడికి దిగి మొదలుపెట్టండి.

యోగాలో చేరాం కదా అని నడక మానొద్దు. ఈ తరహా క్లాసు గుండెకు చాలినంత పని పెట్టదు. వారానికి 150 నిమిషాల చురుకైన నడక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. క్లాసు లేని రోజుల్లో అరగంట చొప్పున వేసుకుంటే, మిగిలింది క్లాసుకు నడిచి వెళ్లిరావడంలో సరిపోతుంది.

ఆరో వారం చివర ఒకసారి, పన్నెండో వారం చివర ఒకసారి ఆ నాలుగు కొలతలూ మళ్లీ తియ్యండి. అదే కుర్చీ, అదే గోడ, అదే బీపీ మిషను ఉండాలి. ముందుగా మారేవి సాధారణంగా ఒంటికాలి సెకన్లు, నేలమీంచి లేచే తీరు. కుర్చీ లెక్క ఆ తరవాత పెరుగుతుంది. బీపీ మారకపోవచ్చు, మారినా కొద్దిగానే. పన్నెండు వారాలు వారానికి మూడు రోజులు వెళ్లినా ఒక్క అంకె కూడా కదల్లేదంటే, ఆ కాగితం తీసుకెళ్లి గురువుగారికి చూపించండి. ఏం మార్చాలో చెప్పగలిగితే ఇంకో నెల ఉండండి, చెప్పలేకపోతే వేరే క్లాసు చూసుకోండి.